పొడిగించిన ఆయుష్షు

యూదా రాజైన హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చింది. ఇల్లు చక్కబెట్టుకోమని యెషయా ప్రవక్త కబురు తెచ్చాడు. రాజు గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు అతని ఆయుష్షుకు మరో 15 ఏళ్లు కలిపాడు (యెషయా 38). అంతటితో ఆగలేదు. అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమని చెప్పింది కూడా ఆ ప్రవక్తే! ప్రార్థనకూ మందుకూ వైరం లేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఉప్పల్, నాచారం ప్రాంతాల మన సంఘాల్లోనూ రొమ్ము క్యాన్సర్ చికిత్స పొంది, ఏళ్లు గడిచినా దేవుని స్తుతిస్తున్న అక్కలు, అమ్మలు ఉన్నారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రికో బస్సులు మారుతూ తిరిగిన రోజులు మరిచిపోగలిగేవా? 2017లో మెట్రో వచ్చాక ప్రయాణం తేలికైంది. పరీక్ష ఫలితం చేతికందే దాకా ఉండే గుండెదడ మాత్రం తేలిక కాలేదు.

వారు సాక్ష్యం చెప్పిన రోజు మనం చప్పట్లు కొట్టాం. తర్వాత, 'స్వస్థత పొందావు కదమ్మా, ఇంకా మాత్రలెందుకు?' అన్నవారూ మనలోనే ఉన్నారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే మాట. హార్మోన్ల ప్రభావంతో పెరిగే రకం క్యాన్సర్‌కు మాత్రలు సాధారణంగా 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు వాడాలి. టామోక్సిఫెన్‌ను 5 ఏళ్లకు ఆపకుండా 10 ఏళ్లు వాడితే వ్యాధి తిరగబెట్టడం, మరణాలు తగ్గుతాయని 2012లో అట్లాస్ పరిశోధన తేల్చింది. ఈ రకం 20 ఏళ్ల దాకా ఎప్పుడైనా తిరిగి రావచ్చని 2017లో మరో పరిశోధన హెచ్చరించింది. చంకలో గ్రంథులు తీసినవైపు చేయి ఏళ్ల తర్వాత కూడా వాయవచ్చు. కొన్ని మాత్రల వల్ల ఎముకలు గుల్లబారవచ్చు. కాబట్టి డాక్టరు చెప్పిన పరీక్షలు మానకూడదు. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు, దేవుడిచ్చిన ఆయుష్షును గౌరవించడమే.

ఒకవేళ వ్యాధి తిరగబెడితే? 'విశ్వాసం చాలలేదు' అని తీర్పు తీర్చడం గాయంపై కారం చల్లడమే. హిజ్కియాకు కలిపిన 15 ఏళ్లు కూడా ఒకనాడు ముగిశాయి. ఆయుష్షు పొడవు దేవుని చేతిలో ఉంది, దాన్ని వాడుకోవడం మన చేతిలో ఉంది.

స్వస్థుడైన హిజ్కియా బబులోను దూతలకు తన ఖజానా చూపి గర్వించాడు. మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న స్వస్థత పొందాక తమకున్నదానితో ప్రభువుకు సేవ చేశారు (లూకా 8). నేడు కొత్తగా ఈ రోగం బయటపడిన చెల్లెలి పక్కన కూర్చుని ధైర్యం చెప్పే అక్క చేస్తున్నదీ అదే సేవ. మరి మనం? ప్రేమవిందులో వాచిన చేతితో ఆమె గిన్నె మోస్తుంటే అందుకుందాం. పరీక్ష రోజున తోడు వెళ్దాం. సాక్ష్యం విన్నవారికి ఆమె పక్షాన నిలిచే బాధ్యత కూడా ఉంది.