మీకు తెలుసా? పొదుగుకీ గర్భసంచికీ గ్లూకోజు పోటీ

  

ఆవు ఈనాక మొదటి రెండు వారాల్లో గర్భసంచిలోకి బాక్టీరియా చేరడం మామూలే. చాలా ఆవులు మందులేకుండానే బయటపడతాయి. కొన్నింటికి మాత్రం చీము పడుతుంది, ఎదకు రావడం ఆలస్యమవుతుంది, చూలు నిలవదు. ఎందుకీ తేడా? కారణాల్లో ఒకటి గ్లూకోజు. లీటరు పాలు తయారవడానికి సుమారు 70 గ్రాముల గ్లూకోజు కావాలి. అంటే రోజుకు 10 లీటర్లిచ్చే ఆవు పొదుగే 700 గ్రాములు లాగేసుకుంటుంది. సరిగ్గా ఈనిన తొలి రోజుల్లోనే ఆవు మేత తక్కువ తింటుంది. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలకూ, గర్భసంచి లోపలి పొరకూ కావలసింది ఆ గ్లూకోజే మరి.

బ్రిటన్‌లోని స్వాన్‌సీ విశ్వవిద్యాలయంలో మార్టిన్ షెల్డన్ బృందం ఆవు గర్భసంచి పొర ముక్కలు తీసుకుని, కణాలు గ్లూకోజును వాడుకోకుండా అడ్డుపడింది. అప్పుడు బాక్టీరియా విషం తగిలినా ఇంటర్‌ల్యూకిన్లు తక్కువగానే విడుదలయ్యాయి. తెల్లకణాలను పిలిచే కబురు వాటిలో ఉంటుంది.

ఈనిన ఆవుకు పెట్టే దాణాను పాల లెక్కలోనే చూస్తాం. గర్భసంచికీ అందులో వాటా ఉంది. గర్భసంచి విషయంలో ఇంకో జాగ్రత్త: మాయ పడకపోతే చేత్తో లాగొద్దు, పశువైద్యుణ్ణి పిలవండి.