గ్యాసుకు గాలి కావాలి, కరెంటుకు ఎర్త్ కావాలి
స్నానాల గదిలో గీజరు మార్చేవారు ముందుగా చూడవలసినవి

పత్తి తీతలు ముమ్మరమై, మిరప తోటలు పండుబారే చలి రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వేణ్ణీళ్లు లేనిదే పొద్దు గడవదు. తెల్లవారకముందే చేలకు పోయేవారికీ, మిరపకు మందు కొట్టి సాయంత్రం ఇల్లు చేరేవారికీ నీళ్లు కాగవలసిందే. ఒకప్పుడు ఈ పని పెరట్లో జరిగేది. పొయ్యి మీద కాగు పెట్టి కింద పత్తికట్టె, మిరపకట్టె, కందికట్టె ఎగదోసేవారు. కలిగినవారి ఇళ్లలో నడుమ బొగ్గులు వేసే రాగి బాయిలరు ఉండేది. పొగకు కళ్లు మండేవి గాని, మంట ఆరుబయట ఉండేది గనుక ఊపిరికి లోటు ఉండేది కాదు.

తర్వాత గ్యాసు వచ్చింది. 1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం మొదలుపెట్టిన ఉజ్వల పథకం సిలిండరును పల్లె వంటింటికి చేర్చాయి. వంటింటి నుంచి అది కొన్ని ఇళ్లలో స్నానాల గదికి కూడా పాకింది. గోడకు తగిలించిన చిన్న పెట్టె, రెండు బ్యాటరీలు, ఒక రబ్బరు గొట్టం. కుళాయి తిప్పితే వేడినీళ్లు. సదుపాయం బాగానే ఉన్నది. కాని పెరట్లోని మంట నాలుగు గోడల మధ్యకు వచ్చింది.

గ్యాసు గీజరు తీసి కరెంటుది పెట్టుకుందామా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. పెట్టుకోవడం మంచిదే. అయితే గోడ మీద పెట్టె మార్చినంతనే ప్రమాదం తొలగిపోదు. వైరింగు సరిగా లేని ఇంట్లో ఒక ప్రమాదం పోయి ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

గది గాలిని తినే మంట

గీజరు అన్నది ఐస్‌లాండ్‌లో భూమిలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరు. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే రంగుల పనివాడు గ్యాసు మంటతో స్నానపు నీళ్లు కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు పెట్టాడు. ఆ తొలి యంత్రానికి పొగ బయటికి పోయే గొట్టమే లేదు. నూట యాభై ఏళ్లు దాటినా మన దగ్గర అమ్మే చిన్న గీజర్లలో అనేకం ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లు కాచే గీజరు పది నిమిషాలు వెలిగితే సుమారు 160 గ్రాముల గ్యాసు కాలుతుంది. అంత గ్యాసు కాలడానికి రెండు ఘనపు మీటర్ల గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు గల గదిలో ఉండే గాలి మొత్తం ఏడు ఘనపు మీటర్లకు మించదు. చలి కొడుతుందని కిటికీ మూసి, ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తే మంటకూ మనిషికీ గాలి చాలదు.

గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు గ్యాసు లీకైతే ముక్కుకు తెలిసేలా కంపెనీలు అందులో ఒక ఘాటు వాసన కలుపుతాయి. ఈ విషవాయువుకు అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు. ఇది నెత్తురులో చేరి ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. నెత్తురును పట్టుకునే శక్తి దీనికి ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా ఉన్నది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఆపైన కాళ్లు పట్టుదప్పడం. వేడినీళ్ల వల్లనేమో అనుకునేలోగా తలుపు గడియ దాకా నడిచే సత్తువ కూడా పోతుంది.

స్నానానికి పోయినవారు పిలిస్తే పలకకపోతే తలుపు పగలగొట్టడానికి వెనుకాడరాదు. ముందు మనిషిని ఆరుబయటికి మోసుకురావాలి. ఇంకొకరు గ్యాసు కట్టి, తలుపులు, కిటికీలు బార్లా తీయాలి. వెంటనే 108కు ఫోను చేయాలి. ఇటువంటి మనిషికి కావలసింది ఆక్సిజన్. ముఖాన నీళ్లు చల్లుతూ ఇంట్లోనే పడుకోబెట్టడం కాలం వృథా చేయడమే.

బకెట్టుకు అర యూనిట్టు

కరెంటు గీజరుకు మంట లేదు, గది గాలితో పని లేదు. ఖర్చు సంగతి చూద్దాం. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లను చలికాలంలో స్నానానికి సరిపడా, అంటే సుమారు 20 డిగ్రీలు వేడి చేయడానికి అర యూనిట్టు కరెంటు పడుతుంది. అదే పనికి గ్యాసు 45 నుంచి 50 గ్రాములు కాలుతుంది. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకొక బకెట్టు చొప్పున నెలకు 75 యూనిట్లు, లేదా 14.2 కిలోల సిలిండరులో సగం. చలికాలం నాలుగు నెలల్లో గీజరు ఒక్కటే రెండు సిలిండర్లు మింగుతుందన్న మాట. 2024లో మొదలైన దీపం-2 కింద ఏడాదికి ఉచితంగా ఇచ్చేవి మూడు సిలిండర్లు.

ఇంటి కరెంటు వాడకం పెరిగేకొద్దీ యూనిట్టు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. గీజరు యూనిట్లు పై మెట్టులోనే పడతాయి. అందుచేత మీ బిల్లులో పై మెట్టు ధరతో 75ను హెచ్చవేసి, అర సిలిండరు ధరతో పోల్చి చూసుకోవాలి. కొన్ని ఇళ్లకు కరెంటే ఖరీదు పడవచ్చు. అయినా మార్పు ఎందుకంటే ఊపిరి కోసమే.

ఒక అసౌకర్యం కూడా ఉన్నది. గ్యాసు గీజరు వరసగా నీళ్లిస్తూనే ఉంటుంది. 15 లీటర్ల కరెంటు గీజరు ఇరవై నిమిషాలు కాగి, చన్నీళ్లు కలుపుకుంటే సుమారు ఒకటిన్నర బకెట్టు ఇస్తుంది. మళ్లీ ఆగాలి. పెద్ద కుటుంబానికి 25 లీటర్లది మేలు. పొలాల మోటార్లు ఆడే వేళ లైను చివరి ఇళ్లకు వోల్టేజి పడిపోతే గీజరు కాలిపోదు గాని నెమ్మదిస్తుంది. 230 వోల్టులకు బదులు 180 వస్తే దాని బలం అయిదింట మూడు వంతులకు దిగుతుంది. ఇరవై నిమిషాల పని అరగంట దాటుతుంది.

నల్లరేగడిలో ఎర్త్

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. 15 లీటర్ల గీజరు మామూలుగా 2 కిలోవాట్లది. తొమ్మిది ఆంపియర్ల వరకు కరెంటు లాగుతుంది. వెంటనే కాచే 3 లీటర్ల రకం 3 కిలోవాట్లది. పదమూడు ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను, బల్బుల లైనులోంచి దీనికి కనెక్షన్ లాగరాదు. మీటరు దగ్గర నుంచి వేరే రాగి వైరు వేయాలి. 2 కిలోవాట్లకు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్లది, 3 కిలోవాట్లకు 4 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన ఎం.సి.బి. పెట్టించాలి. స్విచ్చి తడిచేతికి అందని చోట, గది బయట ఉండడం మేలు.

గీజరులోని కాయిల్ పగిలితే కరెంటు నీటిలోకి దిగుతుంది. అప్పుడు మనిషిని కాపాడేవి రెండు. ఒకటి ఎర్త్, రెండోది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కరెంటు దారి తప్పిన క్షణంలో ఇది లైను కట్టేస్తుంది. మామూలు ఎం.సి.బి. ఆ పని చేయలేదు.

మన నేల నల్లరేగడి. వానాకాలంలో తేమ పట్టి ఎర్త్‌కు బాగా సహకరిస్తుంది. ఎండలకు నెర్రెలు విచ్చినప్పుడు ఎర్త్ గొట్టానికీ మట్టికీ మధ్య సందు ఏర్పడి పట్టు పోతుంది. అందుచేత గొయ్యి లోతుగా ఉండాలి. వేసవిలో నీళ్లు పోస్తుండాలి. ఏడాదికొకసారి ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. ఎర్త్ వైరును నీళ్ల గొట్టానికి చుట్టి సరిపెట్టడం పనికిరాదు. ఆ గొట్టం ఇప్పుడు ప్లాస్టిక్‌ది.

చౌకగా దొరుకుతుంది గదా అని హీటరు రాడ్డుతో సరిపెట్టుకునేవారున్నారు. రాడ్డు ఆన్‌లో ఉండగా నీళ్లు వెచ్చబడ్డాయో లేదో వేలు పెట్టి చూడడం ప్రాణాంతకం. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసిన తర్వాతే బకెట్టు ముట్టుకోవాలి. పిల్లలున్న ఇంట్లో దానిని వాడకపోవడమే మంచిది.

బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువున్న ఊళ్లలో కాయిల్ మీద సున్నపు పొర పేరుకుంటుంది. వేడి 60 డిగ్రీలకు మించకుండా పెట్టుకుంటే పొర తక్కువగా కడుతుంది. ఏడాదికి, రెండేళ్లకు విప్పించి శుభ్రం చేయించాలి. కొత్త గీజరు బిగించాక వేడినీళ్ల కుళాయిలోంచి ధారగా నీళ్లు వచ్చేదాకా స్విచ్చి వేయరాదు. నీళ్లు నిండని గీజరులో కాయిల్ కాలిపోతుంది.

పాతది తీసేటప్పుడు

ముందు రెగ్యులేటరు కట్టి, గొట్టంలో మిగిలిన గ్యాసు పోనివ్వాలి. గీజరు తీసి రబ్బరు గొట్టం మూతి తెరిచి వదిలేయరాదు. వంటింటి సిలిండరు నుంచి చీల్చిన గొట్టమైతే ఆ చీలికనే తీసివేయించి, సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడరాదు. గ్యాసు లీకైతే 1906కు, కరెంటు ఫిర్యాదులకు 1912కు ఫోను చేయవచ్చు. గీజరు వల్ల పెరిగే లోడును ఊరి సెక్షన్ ఆఫీసులో రాయించుకోవాలి.

ఈ ఏడు వైరింగుకు చేతిలో డబ్బు ఆడకపోతే ఎర్త్ లేకుండా కరెంటు గీజరు తగిలించవద్దు. ఉన్న గ్యాసు గీజరునే గది బయట, చూరు కింద గాలాడే చోటికి మార్పించి, వేడినీళ్ల గొట్టం మాత్రం లోపలికి తెచ్చుకోవాలి. ఆ పని జరిగేదాకా తలుపు తీసి ఉంచి బకెట్టు నింపుకుని, గీజరు ఆపి, గది కాసేపు గాలాడిన తర్వాతే లోపలికి వెళ్లి గడియ పెట్టుకోవాలి. పిల్లలకూ, ముసలివారికీ నీళ్లు పెద్దలే పట్టి ఇవ్వాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు, రేపు ఉదయం నుంచే మొదలు పెట్టవచ్చు.