మొద్దుకు పూలు

పక్కింటి వారు కాగితంపూల చెట్టును కొట్టివేస్తున్నారా? ఆ మొద్దును పొయ్యిలోకి పోనివ్వకండి. అడిగి తెచ్చుకోండి. జపానువారు బోన్సాయ్ అనే తొట్టిచెట్టుకు అంతకంటె మంచి ముడిసరుకు దొరకదు.

జానెడు ఎత్తుంచి పైభాగం రంపంతో కోసి, ఇసుక ఎక్కువగా కలిపిన ఎర్రమట్టిలో కదలకుండా పాతి, నీడన ఉంచండి. తొట్టి అడుగున చిల్లులుండాలి సుమా!

కొద్ది వారాలకు చిగుళ్లు వస్తాయి. మనం మోసపోయేది ఇక్కడే. చిగురు వచ్చింది గనుక వేరూ పట్టిందనుకుంటాం. కొమ్మ చివరి మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ కింది మొగ్గలను నిద్రలో ఉంచుతుంది. చివర తెగగానే అవి మేలుకొని, మొద్దులో నిలవ ఉన్న పిండిపదార్థంతో పెరుగుతాయి. వేరు లేకున్నా ఆకులు నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. ఎండలో పెట్టారో, వాడిపోతాయి. నా మొదటి మొద్దు ఇలాగే పోయింది. పైగా వేరు పట్టిందా అని ఊపి చూశాను కూడా!

రెండు మూడు నెలలు వాడకుండా కొత్త ఆకులు వస్తుంటే వేరు పట్టినట్లే. అప్పుడు ఎండలోకి మార్చి, అందమైన రెమ్మలుంచి మిగతావి తీసేయండి. పూత రాలేదని యూరియా వేయకండి. నత్రజని ఆకునే పెంచుతుంది. ఆకులు కాస్త వాలేదాకా నీళ్లాపి, అప్పుడు పోయండి. పగటి పొద్దు తగ్గే రోజుల్లో పూత ఎక్కువ. కొత్త రెమ్మలకే పూస్తుంది గనుక, కత్తిరింపు పూత రాలాకనే.

పూశాక దగ్గరగా చూడండి. రంగు రేకులు పుచ్ఛాలు. మూడు పుచ్ఛాల నడుమ ఉన్న సన్నని తెల్లగొట్టాలే అసలు పూలు. ఇరుకు తొట్టిలో ఆకులు చిన్నవవుతాయి గాని, పూలు మాత్రం పెద్దచెట్టు పూలంతే ఉంటాయి.