మిద్దె మీంచి ముందు వరుసకు...

మా అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు. చిన్నప్పటి నుంచీ నాటకమంటే ప్రాణం. కానీ ఆమె చూసిన నాటకాలన్నీ మిద్దె మీద నుంచి చూసినవే! కుర్చీలో కూర్చుని, వేషగాళ్ల ముఖాలు ఎదురుగా కనిపిస్తుండగా ఒక్క నాటకం కూడా చూడలేదంటే నమ్ముతారా?

ఈ సంగతి నాకు పెళ్లయిన పాతికేళ్లకు తెలిసింది. అదీ మా అనంతపురంలో మూడు రోజుల నాటకోత్సవాల పోస్టరు చూసొచ్చి, "అత్తా, నాటకానికి పోదాం, వస్తావా?" అని అడిగిన రోజున.

"ఆడోళ్లు గూడా పోవచ్చునా?" అని అడిగిందామె. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అత్తమ్మ పుట్టిల్లు ధర్మవరం దగ్గర ఓ పల్లె. 2022లో జిల్లాలు విడగొట్టాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ, మాకు ఇప్పటికీ అంతా అనంతపురమే. చెనిక్కాయ పంట ఇంటికొచ్చిన ఏడాది ఊళ్లో నాటకం ఉండేదట. మగ వేషాలు ఊరి వాళ్లవే. ఆడవేషాలకు మాత్రం పట్నం నుంచి నటీమణుల్ని పిలిపించేవాళ్లు. సాయంత్రం నుంచే మగవాళ్లు గోనెపట్టలు పరచుకుని ముందు జాగా పట్టేసేవాళ్లు.

"ఆడోళ్లకు యాడ జాగా ఉండె పాపా? చుట్టూ మిద్దెలెక్కి చూస్తా ఉంటిమి. హరిశ్చంద్రుని కిరీటం తెలుసు గానీ, మొగం ఎట్లుండేదో తెల్దు" అంది అత్తమ్మ. కానీ పద్యాలు మాత్రం ఇప్పటికీ నోటికి వచ్చు!

ఆ మాట విన్నాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు. ఎలాగైనా ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టాలనుకున్నాను.

ఇల్లు దాటడమే మొదటి అంకం

చెప్పినంత తేలికా? మావారు వెంటనే అడ్డం పడ్డారు. "అయ్యేసరికి రాత్రి పదకొండవుతుంది. ఆటోలు దొరకవు. ఈ వయసులో అమ్మకెందుకు ఆ యాతన? టీవీలో సీరియళ్లు వస్తాయి కదా!" అని. కోపంతో అన్న మాట కాదది. మన ఇళ్లలో ప్రేమగానే తలుపులు వేస్తుంటారు.

నేను వాదన పెట్టుకోలేదు. పక్కింటి అక్కను, మా ఆఫీసులో ఇద్దరిని, ఎదురింటి టీచరమ్మను కదిపాను. ఆశ్చర్యం! అందరికీ వెళ్లాలని ఉంది. ఎవరూ ఒంటరిగా వెళ్లలేకే ఆగిపోయారు. అత్తమ్మతో కలిపి ఆరుగురమయ్యాం. తెలిసిన ఆటో అబ్బాయితో పోనూ రానూ మాట్లాడుకున్నాం. సాయంత్రం ఐదింటికే సంగటి కెలికి, చెనిక్కాయల చట్నీ నూరిపెట్టి, "వడ్డించుకుని తినండి" అని చెప్పేసి బయటపడ్డాను. సంచిలో బొరుగులు, నీళ్ల సీసా, అత్తమ్మ రాత్రి మాత్ర.

హాల్లో అడుగుపెట్టగానే అత్తమ్మ అలవాటుగా వెనక వరుస వైపు నడిచింది. చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాను. మొదటి వరుస న్యాయనిర్ణేతలది, రెండోది మాది. కుర్చీలు సగానికి పైగా నిండాయి. ఆడవాళ్లు ఎంతమందని లెక్కపెట్టాను. మా ఆరుగురితో కలిపి పద్నాలుగు మంది!

ఈ నేలకు నాటకం కొత్త కాదు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మాది. అయినా నాటకానికి మాత్రం ఇక్కడ ఎన్నడూ కరువు లేదు. అనంతపురం లలిత కళా పరిషత్తు పేరు ఈ ఊళ్లో తెలియని వాళ్లుండరు. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ఇంటిపేరులోనే మా ధర్మవరం ఉంది. తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేసిన 'విషాద సారంగధర' ఆయనదే. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ పేరులో బళ్ళారి ఉన్నా, 1880లో పుట్టింది మన తాడిపత్రిలో. 1882 దాకా అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలోదే కదా!

ఆ రోజుల్లో ఆడవేషం అంటే మగవాళ్లే కట్టేవాళ్లు. సత్యభామగా స్థానం నరసింహారావు గారికి జనం నీరాజనాలు పట్టిన కాలం. మంచి ఇంటి ఆడది స్టేజీ ఎక్కడమంటే అప్రతిష్ఠ కింద లెక్క. అలాంటప్పుడు రాఘవ గారు స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటి వాళ్లు ఆయనతో కలిసి నటించారు. పక్కనున్న కడప జిల్లాలో 1885లో వనారస గోవిందరావు గారితో మొదలైన సురభి వారు ఇంకా ముందే తమ ఇంటి ఆడవాళ్లను రంగం మీదికి తెచ్చారు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలాట కుటుంబాల్లోనూ ఆడవాళ్లు బొమ్మ చేస్తారు, ఆడిస్తారు, పాడతారు.

అంటే స్టేజీ ఎక్కే పోరాటం మన పెద్దలు ఎప్పుడో మొదలుపెట్టారు. స్టేజీ ముందు కూర్చునే పోరాటమే మనకింకా మిగిలి ఉంది!

"ఇయ్యొద్దు పాపా!"

పోటీలకు వచ్చేవి ఎక్కువగా నాటికలు. ఒక్కొక్కటి గంటసేపు. ఒకటి అవగానే తెర దించి, రంగాలంకరణ మార్చుకోవడానికి అరగంట పడుతుంది. బొరుగులు తినే టైము అదే!

ఆ రాత్రి రెండో నాటిక మా కరువు నేల కథే. మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయిన రైతు. నాలుగో బోరుకు డబ్బుల్లేవు. భార్య చెవి కమ్మలు అడుగుతాడు. ఆమె ఏమీ మాట్లాడదు. ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని అలాగే నిలబడిపోతుంది. హాలంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో నా పక్క నుంచి గట్టిగా ఓ గొంతు వినిపించింది. "ఇయ్యొద్దు పాపా! నీళ్లు పడవు!"

మా అత్తమ్మ!

వెనక ఎవరో నవ్వారు. నాకు సిగ్గేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వణుకుతోంది. స్టేజీ మీద ఆ అమ్మాయి మాత్రం చలించలేదు. మా వైపు ఒక్క క్షణం చూసి, కమ్మలు తీసి మొగుడి చేతిలో పెట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాటిక అయ్యాక ఆ నటి తెర వెనక నుంచి వెతుక్కుంటూ వచ్చింది. మేకప్ ఇంకా పూర్తిగా తుడుచుకోలేదు. "వద్దన్నది మీరేనా అమ్మా?" అని అత్తమ్మ పక్కన కూర్చుంది. కోస్తా అమ్మాయి. ఇరవై ఏళ్లుగా నాటకాలే జీవనం. ఇక్కడి నుంచి తెల్లవారుజామున రైలెక్కి ఇంకో ఊరు, ఇంకో సమాజం, ఇంకో పాత్ర. కొన్నిసార్లు రెండు రోజుల్లో పోర్షన్ బట్టీపట్టాలట. "రాత్రి పూట ఇంటికెలా వెళ్లాలా అని మీరు ఒక్కరోజు ఆలోచించారు. మాకు ఏడాదంతా అదే ఆలోచన. ముందు వరుసల్లో ఆడవాళ్లు కనిపిస్తే మాకు ధైర్యంగా ఉంటుందమ్మా" అంది.

మళ్లీ ఎప్పుడు మనం ఆమెను చూస్తామో! కానీ ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

నలభై ఏళ్ల మాట

ఇంటికి చేరేసరికి పదకొండుంపావు. మావారు వాకిట్లోనే తిరుగుతున్నారు. ఆయన ఏదో అనబోయేలోపు అత్తమ్మే అరుగు మీద కూలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"మా అమ్మ పెట్టిన కమ్మలు. మీ నాయన బోరుకని అడిగితే తీసిస్తిని. కుదవ పెట్టె. బోరు పడకపాయె. కమ్మలూ రాకపాయె. ఆపొద్దు 'వద్దు' అనాలని నోటి దాకా వచ్చింది. అనలేదు. ఈపొద్దు అంటి."

మావారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. ఆయన తన తల్లి గురించి నలుగురిలో గర్వంగా చెప్పే మాట ఒకటుంది. 'మా అమ్మకు బంగారం మీద మోజు లేదు' అని. నేనూ అదే నమ్మాను. నలభై ఏళ్లుగా ఆ చెవులు ఎందుకు బోసిగా ఉన్నాయో ఇంట్లో ఒక్కరం అడగలేదు. ఒక గంట నాటిక అడిగింది!

మర్నాడు పొద్దున ఆయన, "అమ్మా, కమ్మలు చేయిస్తాలే" అన్నారు. అత్తమ్మ తల అడ్డంగా ఊపి, "అది తర్వాత చూస్తాం గానీ, సాయంత్రం నాటకానికి తోడ్కపో నాయనా" అంది. రెండో రోజు మా ఆరుగురి పక్కన ఆయనా కూర్చున్నారు. మూడో రోజుకు మా వీధి నుంచి పదకొండు మందిమి. బహుమతులిచ్చేదాకా కదల్లేదు. ఉత్తమ నటి పేరు పిలిచినప్పుడు అది మా అమ్మాయిది కాదు. అత్తమ్మకు ఎంత కోపం వచ్చిందో!

మీరూ వెళ్లాలనుకుంటే...

మీ ఊళ్లో కూడా ఎక్కడో ఒకచోట నాటకోత్సవాలు జరుగుతూనే ఉంటాయి. చాలాచోట్ల ప్రవేశం ఉచితం. మాకు పనికొచ్చిన నాలుగు మాటలు చెబుతాను.

* ఒంటరిగా కాకుండా నలుగురైదుగురు కలిసి వెళ్లండి. తిరిగి వచ్చే బండి ముందే మాట్లాడుకోండి.

* ఆ రోజు ఏయే నాటికలు ఉన్నాయో ముందుగా కనుక్కోండి. అన్నీ చూడలేకపోతే మొదటి రెండూ చూసి రండి. తప్పేం లేదు.

* సెల్‌ఫోన్ ఆపేయండి. స్టేజీ మీద వాళ్లకు రెండో టేకు ఉండదు.

* నచ్చితే నటీనటుల దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పండి. వాళ్లకు అది బహుమతి కంటే ఎక్కువ.

నిర్వాహకులకూ ఒక విన్నపం. ఇంకో ఊళ్లో ఒకసారి నాటకానికి వెళితే, ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. 'ఎవరూ రారు కదమ్మా' అన్నారు. ఆ తాళం తీసి పెట్టండి, చెప్పిన టైముకు తెర తీయండి. అప్పుడు ఎందుకు రామో చూడండి!

ఇప్పుడు మా అత్తమ్మ బజారుకు వెళ్లినప్పుడల్లా గోడల మీద పోస్టర్లు చూస్తోంది. కళ్లద్దాలు సరిచేసుకుని నన్నడుగుతుంది. "అది సినిమాదా, నాటకందా చూడు పాపా. నాటకందయితే జాగా ముందరే పట్టుకోవల్ల!"