జీవామృతం, కషాయాలు: ఎన్నాళ్లకోసారి కలపాలి? ఎంత నిల్వ ఉంచుకోవాలి?

పత్తి ఆకు కింద పచ్చదోమ కనిపించిన రోజున దశపర్ణి కషాయం ఎలా చేయాలని అడిగే రైతులు చాలామంది. చెప్పడం కష్టమేమీ కాదు. కాని ఆ రోజు ఆకులు కోసి డ్రమ్ములో వేస్తే అది వాడకానికి వచ్చేది 40 రోజుల తర్వాత. అప్పటికి దోమ చేయాల్సిన నష్టం చేసేసి ఉంటుంది. ఇంకొందరిది ఇందుకు తిరుగుడు ఇబ్బంది. కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియకుండానే జీవామృతం కలిపి పెట్టుకుంటారు. నీళ్లు ఇరవై రోజులకు వస్తాయి. అప్పటికి డ్రమ్ములో మిగిలేది వాసన కొట్టే పేడ నీళ్లు.

రెండు చోట్లా పాళ్లలో తప్పు లేదు, రోజుల లెక్కలో ఉంది. ప్రకృతి వ్యవసాయంలోకి కొత్తగా వచ్చినవారు ఎంత పేడ, ఎంత బెల్లం అన్నది తొందరగానే నేర్చుకుంటారు. ఏది ఎన్నాళ్లకు తయారవుతుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, మన పొలానికి ఎంత కావాలి అన్నది మాత్రం ఒకటి రెండు పంటలు దెబ్బతిన్నాక గాని పట్టుబడదు. ఇక్కడ చెప్పేది ఆ లెక్కే.

దోసెల పిండి, ఊరగాయ

ఇంట్లో ఆడవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. దోసెల పిండి రాత్రి రుబ్బితే పొద్దున్నకు పులుస్తుంది, మూడో రోజుకు పనికిరాదు. ఆవకాయ వేసవిలో ఒకసారి పెడితే ఊరడానికి కొన్నాళ్లు పడుతుంది, ఏడాదంతా ఉంటుంది. పిండిని ఊరగాయలా నిల్వ పెట్టాలని ఎవరూ చూడరు. మన డ్రమ్ములూ ఈ రెండు రకాలే.

బీజామృతం, ద్రవ జీవామృతం, నీమాస్త్రం పిండి లాంటివి. వాటిని తాజాగా కలిపి తాజాగా వాడాలి. ఘన జీవామృతం, దశపర్ణి కషాయం, పంచగవ్య ఊరగాయ లాంటివి. వీటికి ముందుచూపు కావాలి. అగ్నాస్త్రం, బ్రహ్మాస్త్రం మధ్యరకం: రెండు రోజుల్లో తయారవుతాయి, నెలల తరబడి నిలుస్తాయి.

ద్రవ జీవామృతం: నీటి వంతుకు మూడు రోజుల ముందు

200 లీటర్ల నీటిలో 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్ల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో ఉంచి రోజుకు రెండు పూటలా కర్రతో కుడివైపుకు తిప్పితే 48 గంటల్లో సిద్ధమవుతుంది. ఇది ఒక ఎకరాకు ఒక తడవకు సరిపోతుంది. 15 రోజులకోసారి నీటితో పాటు పారించాలి. తయారైన తర్వాత 7 రోజుల లోపు వాడేయాలి.

ఏడు రోజులే ఎందుకంటే, బెల్లమూ పిండీ తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి. తిండి ఉన్నన్నాళ్లు వాటి సంఖ్య పెరుగుతుంది, తిండి అయిపోగానే పడిపోతుంది. మీ కంటికీ ముక్కుకూ ఇది తెలుస్తుంది. బాగున్న డ్రమ్ము పైన నురగ ఉంటుంది, కర్ర పెట్టి కలిపితే బుడగలు వస్తాయి, పులిసిన తీపి వాసన ఉంటుంది. నురగ అణిగి, కుళ్లు వాసన మొదలైతే దాని బలం తగ్గినట్టే. మే నెల ఎండల్లో ఇదంతా తొందరగా జరుగుతుంది. డిసెంబరు, జనవరి చలిలో 48 గంటలకు నురగ రాకపోతే కంగారు పడకండి, మరొక రోజో రెండు రోజులో ఆగండి. బెల్లం ఇంకా కావాలేమోనని మరో రెండు కిలోలు కలపడం దండగ.

అందుకే కలిపే రోజును నీటి వంతును బట్టి పెట్టుకోండి, మీ తీరికను బట్టి కాదు. ఉదాహరణకు మీకు రెండెకరాల వరి, ఒక ఆవు ఉన్నాయనుకుందాం. కాలువ వంతు ఎనిమిది రోజులకోసారి వస్తుంది. రెండెకరాలకూ ఒకేసారి ఇవ్వాలంటే రెండు డ్రమ్ములు, 20 కిలోల పేడ, 20 లీటర్ల దాకా మూత్రం ఒకే రోజు కావాలి. అలా కాకుండా ఈ వంతుకు పై మడికి, వచ్చే వంతుకు కింది మడికి ఇవ్వండి. ఒక్క డ్రమ్ముతో సరిపోతుంది. ఒక్కో ఎకరాకు 16 రోజులకోసారి అందుతుంది. ఒక ఆవు ఒక రోజులో వేసే పేడ సుమారు 10 కిలోలు కాబట్టి పేడకూ వెతుక్కోనక్కర్లేదు. వంతుకు మూడు రోజుల ముందు కలపాలని గోడ మీద క్యాలెండర్‌లో గీత పెట్టుకోండి. వంతు నాలుగు రోజులు ఆలస్యమైనా మీ జీవామృతం ఇంకా బతికే ఉంటుంది.

బోరు కింద బిందు సేద్యం ఉన్నవారికి వంతుల గొడవ లేదు గాని, వడకట్టడం ఉంది. పల్చటి గుడ్డతో రెండుసార్లు వడకట్టకపోతే డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

బీజామృతం గురించి ఒక్క మాట చాలు: విత్తే ముందు రోజు సాయంత్రం మొదలుపెట్టి మర్నాడు విత్తనానికి పట్టించండి. దాన్ని నిల్వ ఉంచే ఆలోచనే వద్దు.

ఘన జీవామృతం ఉగాదికే మొదలుపెట్టాలి

ఆఖరి దుక్కిలో ఎకరాకు 400 కిలోల దాకా వేయమంటారు. చాలామంది దీన్ని మే నెలాఖరున గుర్తు చేసుకుంటారు. 100 కిలోల పేడకు 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి, ముద్ద కావడానికి సరిపడా మూత్రం కలిపి నీడలో ఆరబెట్టాలి. పేడ తాజాది కావాలి, వారం దాటనివ్వకూడదు. ఒక్క ఆవు ఉన్నవారికి వారంలో పోగయ్యేది 70 కిలోలే. కాబట్టి 100 కిలోలు ఒకేసారి చేయాలని చూడకండి. ఐదు రోజులకోసారి 50 కిలోల పేడతో, మిగతావి సగం పాళ్లలో వేసి చేయండి. అలా చేసినా ఎకరానికి ఎనిమిది విడతలు, అంటే 40 రోజుల పేడ మొత్తం దీనికే పోవాలి. ఆరాక బరువు తగ్గేది వేరే. ఉగాదికి మొదలుపెడితే తొలకరికి గోనె సంచుల్లో సిద్ధంగా ఉంటుంది. బాగా ఆరినది ఆరు నెలలు నిలుస్తుంది. తడి తగిలితే మాత్రం బూజు పట్టి గడ్డ కడుతుంది, అందుకని సంచులను నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టండి.

దశపర్ణి: 40 రోజుల ముందుచూపు

200 లీటర్ల నీరు, 20 లీటర్ల మూత్రం, 2 కిలోల పేడ, వేప, సీతాఫలం, ఆముదం, కానుగ, వావిలి, ఉమ్మెత్త వంటి పది రకాల ఆకులు, పసుపు, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, పొగాకు. ఆకుల్లోని చేదూ ఘాటూ నీటిలోకి దిగడానికి 30 నుంచి 40 రోజులు పడుతుంది. రోజూ రెండు పూటలా తిప్పాలి. వడకట్టాక ఆరు నెలలు నిలుస్తుంది. ఎకరాకు 6 లీటర్లు 200 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయాలి.

ఇక కార్తెల లెక్కకు వద్దాం. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఆ రోజు డ్రమ్ము వేస్తే 40 రోజులకు జూలై 18, అంటే పుష్యమి కార్తె ముంగిట్లో తయారవుతుంది. జూన్ చివర విత్తిన పత్తిలో రసం పీల్చే పురుగులు మొదలయ్యేది దాదాపు అప్పుడే. విత్తనాలు కొనే ముందే దశపర్ణి డ్రమ్ము వేయాలని మేము చెప్పేది ఇందుకే. అదును చూసి విత్తే రైతు డ్రమ్ముకూ అదును చూడాలి.

మరి ఎంత వేయాలి? ఇక్కడే చాలామంది పొరపడతారు. రెండెకరాల పత్తికి ఒక్కసారి పిచికారీకి 12 లీటర్లు కావాలి. పంట కాలంలో ఐదారుసార్లు కొట్టినా 60 నుంచి 72 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము నిండా చేస్తే సగానికి పైగా మిగిలి, సంక్రాంతి నాటికి గడువు తీరిపోతుంది. ఆ మేరకు మూత్రం, ఆకులు కోసిన కష్టం వృథా. రెండెకరాల వారు మూడో వంతు పాళ్లతో 70 లీటర్లు చేసుకుంటే చాలు. లేదా పక్కపక్క పొలాల ముగ్గురు కలిసి ఒక డ్రమ్ము వేసుకోండి. మా ఉద్దేశంలో ఇదే మేలు, ఎందుకంటే రోజూ రెండు పూటలా తిప్పే పనిని వంతులు వేసుకోవచ్చు. ఒంటరిగా చేసిన డ్రమ్ములు చెడేది ఎక్కువగా తిప్పడం మానేయడం వల్లే.

ఏడాది పొడవునా కూరగాయలు వేసేవారి సంగతి వేరు. వారికి రెండు డ్రమ్ములు ఉండాలి, ఒకటి వాడేది, ఒకటి ఊరేది. రెండెకరాలకు 10, 15 రోజులకోసారి కొడితే 40 రోజుల్లో 36 నుంచి 48 లీటర్లు ఖర్చవుతాయి. కాబట్టి వాడే డ్రమ్ములో 50 లీటర్లు మిగిలిన రోజునే రెండోది వేయండి. అడుగు కనిపించాక వేస్తే నెలకు పైగా చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

రెండు రోజుల కషాయాలు బీమా లాంటివి

ఎంత లెక్క వేసినా పురుగు మన క్యాలెండర్ చూసి రాదు. ఆ సమయానికి ఇంట్లో చిన్న క్యానులో అగ్నాస్త్రం, బ్రహ్మాస్త్రం ఉండాలి. రెండింటికీ ఆధారం 10 లీటర్ల మూత్రం. ఉడికించి, చల్లార్చి, ఒకటి రెండు రోజులు ఉంచి వడకట్టాలి. ఎకరాకు రెండు, రెండున్నర లీటర్లు 100 లీటర్ల నీటిలో వాడతారు కాబట్టి ఒక్క వండకం మూడెకరాలకు ఒకసారికి వస్తుంది. అగ్నాస్త్రం మూడు నెలలు, బ్రహ్మాస్త్రం ఆరు నెలలు నిలుస్తాయి. అగ్నాస్త్రం తక్కువ నిలుస్తుంది గనుక ముందు దాన్నే వాడేయండి.

నీమాస్త్రానికి 24 నుంచి 48 గంటలే పడుతుంది. దాన్ని దాచుకోవడం కంటే అవసరమైనప్పుడు చేసుకోవడమే సులువు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇవన్నీ పురుగు తక్కువగా ఉన్నప్పుడు, ముందు జాగ్రత్తగా వాడితే పనిచేసేవి. మొక్కజొన్న సుడిలో కత్తెర పురుగు పెద్దదై కూర్చున్నాక, చేను మొత్తం ముడత పడ్డాక వీటి మీదే ఆధారపడి రోజులు గడపకండి. వెంటనే మీ గ్రామ వ్యవసాయ సహాయకుడికో, తెలంగాణలో అయితే ఏఈఓకో ఆకులు చూపించండి.

అసలు కొరత మూత్రానికే

పై లెక్కలన్నీ కూడితే పేడ కంటే మూత్రం ముందు అయిపోతుందని తెలుస్తుంది. దశపర్ణికి 20 లీటర్లు, అగ్నాస్త్రానికి 10, బ్రహ్మాస్త్రానికి 10, జీవామృతానికి విడతకు 5 నుంచి 10. కొట్టంలో పొద్దున ఒక్కపూట పట్టినా రెండు మూడు లీటర్లు దొరుకుతాయి. నేలను కాస్త వాలుగా గచ్చు చేసి చివర గుంటలో బక్కెట్టు పెడితే ఇంకా దొరుకుతుంది. పేడలా కాకుండా మూత్రం మూతపెట్టిన ప్లాస్టిక్ క్యానులో చాలాకాలం ఉంటుంది, కషాయాలకు పాతదైనా పనికొస్తుంది. వేసవిలో పని తక్కువగా ఉన్నప్పుడు 40 లీటర్లు పోగు చేసుకున్న రైతుకు మృగశిర కార్తెలో పరుగులు ఉండవు.

డ్రమ్ముల దగ్గర జాగ్రత్తలు

పులిసేటప్పుడు గాలి పుడుతుంది. మూత గట్టిగా బిగిస్తే డ్రమ్ము ఉబ్బుతుంది, తీసేటప్పుడు ముఖాన చిమ్ముతుంది. గోనె పట్టాయో పాత చీరో కప్పి తాడు కట్టడం మంచిది. ఇనుప పాత్రలు వద్దు. పురుగు మందు వచ్చిన డ్రమ్ములు ఎంత కడిగినా వద్దు.

ప్రతి డ్రమ్ము మీదా పేరు, వేసిన తేదీ, గడువు తేదీ పెయింటుతో రాయండి. గుర్తుంటుందిలే అనుకుంటాం. నాట్లు, కలుపు పనుల్లో పడ్డాక ఏది జూన్‌ది, ఏది ఆగస్టుది అన్నది ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికన్నా ముఖ్యం, మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో కషాయాలు పోయకండి. ఉమ్మెత్త, పొగాకు మనిషికి విషం. ఆవు మూత్రంతో చేసినంత మాత్రాన అవి తాగినా పర్వాలేదు అనుకోకూడదు. పిల్లలకు అందని చోట, తాళం వేసే గదిలో పెట్టండి. వండిన గిన్నెను వంటకు వాడకండి.

గడువు దాటిన జీవామృతాన్ని మొక్కలకు పోసి ఫలితం కోసం చూడకుండా పెంటకుప్ప మీద చల్లేయండి, ఎరువు మాగడానికి పనికొస్తుంది. వడకట్టగా మిగిలిన దశపర్ణి పిప్పిని చెట్ల పాదుల్లో వేయవచ్చు, పశువుల దాణాలో మాత్రం కలవనివ్వకండి.