కాయిలు పోయిందా? మార్చే ముందు ఇవి చూడండి

శెనక్కాయ ఆకుల మీద తిక్క తెగులు మచ్చ కనబడింది. మందు తెచ్చి డ్రమ్ములో కలిపేశారు. పవర్ స్ప్రేయరు తాడు ఇరవై సార్లు లాగినా ఇంజను పలకదు. కలిపిన మందు మర్నాటికి పనికిరాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సేద్యం చేసే అనంతపురం మెట్టలో అదునుకు కొట్టని మందు, కొట్టనట్టే లెక్క. స్ప్రేయరు భుజాన వేసుకుని టౌనుకు పోతే మొదట వినబడే మాట ఒకటే: 'కాయిలు పోయింది'.

పోయేది నిజమే. అయితే పోకుండానే మార్చేవి కూడా చాలా ఉంటాయి.

అసలు కాయిలు ఏం చేస్తుంది? అందులో ఇనుప రేకుల దిమ్మె మీద రెండు తీగ చుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగ, తక్కువ చుట్లు. రెండోది వెంట్రుక లాంటి సన్న తీగ, వేల చుట్లు. లావు తీగలో పారే కరెంటు టక్కున తెగినప్పుడు సన్న తీగలో పది, పదిహేను వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు సందులో నిప్పురవ్వగా దూకుతుంది. కారులో ఆ కరెంటు బ్యాటరీ ఇస్తుంది. స్ప్రేయరుకు బ్యాటరీ లేదు. తాడు లాగితే తిరిగే ఫ్లైవీలులోని అయస్కాంతం కాయిలు పక్కనుంచి పోతూ కరెంటు పుట్టిస్తుంది. డీజిల్ ఇంజనుకు మాత్రం ఈ గొడవే లేదు. 2016 ఖరీఫ్‌లో మన జిల్లాలో రెయిన్‌గన్లకు పెట్టిన ఆయిల్ ఇంజన్ల వంటి వాటిలో కాయిలూ ప్లగ్గూ ఉండవు. డీజిల్ ఇంజనుకు కాయిలు మార్చాలని ఎవరన్నా చెబితే ఇంకో మెకానిక్కును చూసుకోండి.

ఇక పరీక్ష. పోయిన సీజన్లో మిగిలిన పెట్రోలు పారబోసి కొత్తది పోయండి. ప్లగ్గు విప్పి మసి తుడవండి, వీలైతే కొత్తది వేయండి. కాయిలు కంటే ప్లగ్గు చాలా చౌక. తర్వాత ట్యాంకు మూత బిగించి, ఒలికిన పెట్రోలు తుడిచి, ఇంజను బాగా చల్లారాక, విప్పిన ప్లగ్గును టోపీకి తగిలించి, దాని లోహపు ఒళ్లు ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగానే పెట్టాలి. నీలంగా చిటపటమంటే కాయిలు బాగున్నట్టే. పసుపుగా, నీరసంగా ఉంటే అనుమానించాలి. తీగను గాలిలో వేలాడదీసి మాత్రం లాగొద్దు. దారి దొరకని వోల్టులు కాయిలు లోపలే పగలగొట్టుకుని పోతాయి, మంచిది కూడా చెడుతుంది.

నిప్పు అసలే రాకుంటే, ఇంజను ఆపే స్విచ్చి నుంచి కాయిలుకు వచ్చే సన్న తీగను ఊడదీసి మళ్లీ లాగి చూడండి. ఇప్పుడు నిప్పు వస్తే తప్పు కాయిలుది కాదు, స్విచ్చిదో తీగదో. తీగ పైతొడుగు ఒరిసిపోయి ఇనుముకు తగిలినా ఇంజను ఆపినట్టే అవుతుంది. నా మోపెడుకు ఒకాయన రెండు కాయిళ్లు మార్చాడు. చివరికి చూస్తే సీటు కింద ఎలుక కొరికిన తీగ!

పావుగంట బాగా ఆడి, వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ పలికితే అది కాయిలు లక్షణమే. అయినా ఒకసారి ట్యాంకు మూత కొంచెం వదులు చేసి చూడండి. మూతలో గాలి రంధ్రం మన ఎర్ర దుమ్ముతో పూడినా ఇదే తీరుగా ఆగుతుంది.

కాయిలే పోయిందని తేలితే, పాతది విప్పి చేతబట్టుకుని అంగడికి పోండి. ఇంజను మీది మోడల్ నంబరు చీటీ మీద రాసుకోండి. స్క్రూ రంధ్రాల దూరం, తీగల సంఖ్య, ప్లగ్గు తీగ పొడవు సరిచూడండి. చూపుకు ఒకేలా ఉంటే చాలదు. నిప్పు ఎప్పుడు పడాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ ముక్క కూడా చాలా స్ప్రేయర్ల కాయిలు లోపలే ఉంటుంది. వేరే మోడలుది వేస్తే నిప్పు తప్పు వేళకు పడి, తాడు చేతిని వెనక్కి గుంజుతుంది. బిల్లు అడిగి తీసుకోండి.

బిగించేటప్పుడు ఫ్లైవీలు అయస్కాంతం మీద, కాయిలు పాదాల మీద తుప్పును గరుకు కాగితంతో రుద్దండి. రెండింటి మధ్య సందు చాలా ఇంజన్లకు 0.3 మిల్లీమీటరు దాపుల ఉంటుంది. విజిటింగు కార్డు మందం అనుకోండి. కార్డును మధ్యలో పెట్టి స్క్రూలు వదులు చేస్తే అయస్కాంతమే కాయిలును లాక్కుంటుంది. అలాగే బిగించి కార్డు లాగేయండి. సందు ఎక్కువైతే నిప్పు నీరసం, తక్కువైతే ఫ్లైవీలు రాసుకుపోతుంది.

మోపెడు సంగతి వేరు. చాలా పాతవాటిలో సీడీఐ పెట్టె వేరుగా, కాయిలు వేరుగా ఉంటాయి. ఏది పోయిందో తేల్చుకోకుండా రెండూ కొనొద్దు. పక్కింటి బండి నుంచి అదే మోడలు పెట్టె అడిగి ఒక నిమిషం పెట్టి చూస్తే తేలిపోతుంది. కారు కాయిలు మోపెడుకు కుదరదు.

టమోటా వేసుకుని కక్కలపల్లి మార్కెట్టుకు పోయే పాత పెట్రోలు బండి ఉన్నవాళ్లకూ ఒక మాట. ప్లాటినం పాయింట్లతో నడిచే అంబాసిడర్ లాంటి వాటికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కాయిలు వేయకూడదు. దాని నిరోధం తక్కువ, కరెంటు ఎక్కువ లాగి పాయింట్లు కాలిపోతాయి. సిలిండరుకు ఒక కాయిలు ఉండే కొత్త కార్లయితే, అనుమానమున్న కాయిలును పక్క సిలిండరుకు మార్చి చూడమనండి. దడ కూడా దాంతో పాటే పక్కకు మారితే ఆ ఒక్కటే చెడ్డది, నాలుగూ కొనక్కర్లేదు.

పాత కాయిలును అంగడిలోనే వదిలి రావద్దు. కొత్తది నాలుగైదు ట్యాంకులు సక్రమంగా కొట్టేదాకా ఇంట్లో ఉంచుకోండి. తేడా వస్తే పక్కన పెట్టి చూపించడానికి అదే కావాలి.