చంద్రుడు ఒక గుడ్డట... నమ్మేశారా?

మన చంద్రుడు ఉపగ్రహం కాదు, ఓ పెద్ద గుడ్డు! మీకు తెలుసా? 2014 అక్టోబరులో బీబీసీ వారి ‘డాక్టర్ హూ’ సీరియల్ చెప్పిన ముచ్చట ఇది. పిల్ల బయటికొచ్చే వేళకు గుడ్డు బరువు 130 కోట్ల టన్నులు పెరిగిందట, భూమ్మీద సముద్రాలు పొంగి ప్రళయమొచ్చిందట. చంద్రుడి అసలు బరువులో అది 5,000 కోట్లో వంతు కూడా కాదు! ఆగండి, ఇంకా ఉంది. బయటికొచ్చిన పిల్ల ఆ క్షణంలోనే తానున్న గుడ్డంత కొత్త గుడ్డు పెట్టేసి ఎగిరిపోయింది. ఔరా!

పాపం, టీవీకి చంద్రుడంటే ఎప్పుడూ అలుసే. 1975లో మొదలైన ‘స్పేస్: 1999’లో చంద్రుడి మీద దాచిన అణు వ్యర్థాలు పేలి, ఆ ఊపుకి చంద్రుడే భూమిని వదిలి పారిపోతాడు. అంత దెబ్బ తగిలితే కదలడం కాదు, ముక్కలవ్వాలి! సరే, కదిలాడే అనుకుందాం. సూర్యుణ్ని దాటితే మనకు అతి దగ్గరి నక్షత్రానికి కాంతికే నాలుగేళ్లకు పైగా పడుతుంది. ఈ చంద్రుడు మాత్రం వారం వారం ఓ కొత్త లోకం గుమ్మంలో దిగుతాడు.

ఇలాంటివి చూసేటప్పుడు మనసులోని అనుమానాన్ని కాసేపు అటకెక్కిస్తాం కదా. ఆ అలవాటుకి 1817లోనే పేరు పెట్టిన మహానుభావుడున్నాడని మీకు తెలుసా? ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్. టీవీ పుట్టడానికి వందేళ్లకు పైగా ముందే!

‘స్టార్ ట్రెక్’లో కెప్టెన్ కిర్క్ బృందం నౌకలో మాయమై గ్రహం మీద ప్రత్యక్షమవుతుంది. ఆ ట్రాన్స్‌పోర్టర్ ఎందుకు పుట్టిందో తెలుసా? డబ్బు చాలక! అంత పెద్ద నౌక వారం వారం నేల మీద దిగుతున్నట్టు చూపించడం 1966 నాటి టీవీ బడ్జెట్‌కి తలకు మించిన పని. అందుకని నౌకను పైనే ఉంచి, మనుషుల్ని మెరుపుల్లో కరిగించేశారు. ఖర్చు తప్పింది, సైన్స్‌కి చిక్కొచ్చిపడింది. 70 కిలోల మనిషిని పూర్తిగా శక్తిగా మారిస్తే ఎంతవుతుంది? ఐన్‌స్టీన్ సూత్రంతో గుణించి చూడండి: సుమారు లక్ష హిరోషిమా బాంబులు! కిర్క్ మాత్రం క్రాఫు చెదరకుండా దిగుతాడు.

పైగా ఒక కణం ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలుసుకోలేమని హైసెన్‌బర్గ్ 1927లోనే తేల్చేశాడు. మరి మనిషిని కణం కణం కూర్చేదెలా? తర్వాతి ‘స్టార్ ట్రెక్’ వాళ్లు జంకలేదు, ‘హైసెన్‌బర్గ్ కాంపెన్సేటర్’ అని ఓ పరికరం బిగించేశారు. అదెలా పనిచేస్తుందని పత్రికవాళ్లు అడిగితే, ఆ సిరీస్‌కి పనిచేసిన మైకేల్ ఒకుడా చెప్పిన జవాబేమిటో తెలుసా? చాలా బాగా పనిచేస్తుందని! ఇక అడగడానికేముంది?

కిర్క్ నౌకలోని డాక్టర్ మెకాయ్ చేతిలో మెరిసే శస్త్రచికిత్స పరికరాలు చూశారా? అవి ఉప్పు డబ్బాలు! 1966 సెప్టెంబరు 8న ప్రసారమైన మొదటి ఎపిసోడ్‌లో ఉప్పు పీల్చే రాక్షసి ఉంది. దాని కోసం వింత ఆకారాల సాల్ట్ షేకర్లు కొన్నారు. తీరా చూస్తే అవి మరీ వింతగా ఉండి, ఉప్పు డబ్బాలని ఎవరూ పోల్చుకోరనిపించింది. వెంటనే డాక్టరు గారి పెట్టెలో చేరాయి. బోర్లించకుండానే వైద్యం!

కాలంలో ప్రయాణించే యంత్రం ఎలా మోగుతుంది? మీకు తెలుసా? బీబీసీలో శబ్దాలు తయారుచేసే బ్రయాన్ హాడ్జ్‌సన్ 1963లో వాళ్లమ్మ ఇంటి తాళంచెవి తీసుకుని, ఓ పాత పియానో లోపలి తీగల మీద బర్రుమని గీకాడు. ఆ గీకుడునే టేపు మీద మార్చి మార్చి సాగదీస్తే ‘డాక్టర్ హూ’ టార్డిస్ బయల్దేరే మోత తయారైంది. అరవయ్యేళ్లు దాటినా ఆ మోత వినగానే ఒళ్లు జలదరిస్తుంది. తాళంచెవికి దండం పెట్టాలి!

1974లో వచ్చిన ‘ది సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ హీరో గంటకు 60 మైళ్ల వేగంతో పరుగెత్తుతాడు. ఆ మెరుపు వేగాన్ని ఎలా చూపించారో తెలుసా? స్లో మోషన్‌లో! ఒంటిచేత్తో కారునూ లేపుతాడు. చెయ్యి యంత్రానిదే, మరి వెన్నెముక? మామూలు మనిషిది!

‘లాస్ట్ ఇన్ స్పేస్’లో 1968లో మనిషెత్తు క్యారెట్ వచ్చి మాట్లాడింది. నటులు నవ్వాపుకోలేక అవస్థపడ్డారు. మీరైతే ఆపుకోగలరా?

అవార్డు తెచ్చిన అసాధ్యం ఒకటి చెప్పనా? 1996లో ‘స్టార్ ట్రెక్: వోయేజర్’లో పైలట్ అనంత వేగాన్ని అందుకుంటాడు. ఫలితం? బల్లిలాంటి జీవిగా మారిపోతాడు! కెప్టెన్‌నీ అలాగే మార్చేస్తాడు, ఇద్దరికీ పిల్లలు కూడా! అభిమానులు నెత్తి కొట్టుకున్నారు గానీ, మేకప్‌కి ఎమ్మీ వచ్చింది.

అన్నీ తప్పులే అనుకునేరు! 1967 నాటి ‘స్టార్ ట్రెక్’ ఎపిసోడ్‌లో బొచ్చు ఉండల్లాంటి ట్రిబుల్స్ 12 గంటలకోసారి పదేసి పిల్లల్ని పెడతాయి. ఒక్కటి మూడు రోజుల్లో ఎన్నవుతుంది? 17,71,561 అని కిర్క్ సహచరుడు స్పాక్ ఠక్కున చెబుతాడు. 11ని ఆరుసార్లు వేసి గుణించండి. ఒక్కటి కూడా తేడా రాదు!

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇది. ‘వోయేజర్’ మొదట్లో నౌకలో 38 టార్పెడోలే ఉన్నాయని, అయిపోతే మళ్లీ దొరకవని చెప్పారు. ఏడు సీజన్లలో ఎన్ని పేల్చారో అభిమానులు కూర్చుని లెక్కపెట్టారని మీకు తెలుసా? 38 ఎప్పుడో దాటిపోయింది! కాంతిని మించిన వేగాన్ని మారుమాట లేకుండా ఒప్పుకున్నవాళ్లే టార్పెడోల దగ్గర నిలదీశారు. నిలదీయాల్సిందే! ఐన్‌స్టీన్ చెప్పింది పక్కన పెట్టమంటే పెడతాం, మీరే ఇచ్చిన మాట మీరే తప్పితే ఎలా?

‘స్టార్ ట్రెక్’లోని ఆ కాంతిని మించిన వేగమే మెక్సికో శాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెర్రెని కదిలించింది. నౌక చుట్టూ ఉన్న స్థలాన్నే ముందు ముడిచి, వెనక సాగదీస్తే ఎలా ఉంటుందో 1994లో సాక్షాత్తూ ఐన్‌స్టీన్ సమీకరణాలతోనే పరిశోధన పత్రం రాశాడు. టీవీ చూసి!

ఆఖరి ప్రశ్న. 1993లో ‘స్టార్ ట్రెక్’లో స్టీఫెన్ హాకింగ్ తన పాత్రలో తానే నటించి, న్యూటన్, ఐన్‌స్టీన్‌లతో పేకాడాడని మీకు తెలుసా? గెలిచిందెవరో చెప్పుకోండి చూద్దాం. హాకింగే!